గాలి మారిన పూట నా మొదటి విమానం

ఆ రోజుల్లో నాకు విమానమంటే లెక్కే లేదని ఊరంతా అనుకునేది. (ఆ రోజులంటే మరీ పాతవి కావు, నా నెత్తి మీద జుట్టు నిండుగా ఉన్న రోజులు.) శంషాబాద్ పక్కనే మా ఊరు. మా పాలకూర మడుల మీదుగా విమానం పోతుంటే తలెత్తకుండానే, చప్పుడును బట్టి అది పెద్దదో చిన్నదో చెప్పేవాణ్ణి. మెకానికల్ డిప్లొమా చేసి, ఎయిర్‌పోర్టులో సామాన్ల బెల్టులు బాగుచేసే కంపెనీలో ట్రైనీగా చేరాను. బాపు మాత్రం "మా పోరడు విమానాలు రిపేర్ చేస్తడు" అని చెప్పుకునేవాడు. నేను దిద్దలేదు. అసలు సంగతేమిటంటే నేను ఎన్నడూ విమానం ఎక్కలేదు. కారణాలు వరుసగా చెప్పగలను. ఒకటి, లోహం కూడా అలసిపోతుందని చదువుకున్నాను. రెండు, రేకుల్ని కలిపి బిగించే రివెట్లు ఎలా తెగుతాయో ల్యాబులో కళ్లారా చూశాను. మూడు, పక్షులు. నాలుగోది ఎవరికీ చెప్పనిది: నాకు చచ్చేంత భయం.

అలాంటి నన్ను కంపెనీ వాళ్లు కొత్త బెల్టుల శిక్షణకు ఢిల్లీ వెళ్లమన్నారు. వెళ్లొస్తే ఉద్యోగం పర్మనెంటు, వెళ్లకపోతే ఇక రానక్కర్లేదు. ట్రైన్‌లో పోతానని మేనేజర్‌ను అడిగాను. "ఎయిర్‌పోర్టు ఉద్యోగివి, ట్రైన్ ఏందయ్యా?" అని ఆయన నవ్వాడు. ఇంట్లో అమ్మ, "బెల్టులు ఈడనే ఉన్నయ్ గదా, ఢిల్లీ ఎందుకు?" అని కళ్లొత్తుకుంది. నేను మాత్రం ధైర్యవంతుడిలా విమానం పోయే దారి మొత్తం ఆమెకు వివరించాను. రోజూ లేచే విమానాలు పడమటికి లేచి మా మిద్దె పక్కనుంచే పోతాయి. నేను ఎడమ కిటికీ దగ్గర కూర్చుంటాను. ఆమె మిద్దె మీద నిలబడి ఎర్రచీర ఊపితే నాకు కనిపిస్తుంది. ఈ లెక్కతో అమ్మ కొంత నిమ్మళించింది. నాయనమ్మకు లెక్కలతో పనిలేదు. కొత్త ట్రాక్టరుకు చేసినట్టే చెయ్యాలంటూ నా జేబులో రెండు నిమ్మకాయలు పెట్టింది.

"టైరు కింద పెట్టు బిడ్డా. తొక్కినంక పొమ్మను."

"నాయనమ్మా, టైరు దగ్గరికి పోనియ్యరు."

"గంత పెద్ద నౌకరి జేస్తివి, టైరు కాడికి పోనియ్యరా?"

మర్నాడు పొద్దున బాపు నన్ను బైకు మీద గేటుదాకా తెచ్చాడు. దారిపొడుగునా ఒకటే ప్రశ్నలు. "నడిపెటాయన మంచోడేనా? తాగడు గదా? టైర్లల్ల గాలి జూసిన్రా?" అన్నిటికీ నేను ఇంజనీరులా తల ఊపాను. లోపలికి వెళ్తూ వెనక్కి చూస్తే, బాపు కట్టెలా బిగుసుకుని నిలబడి ఉన్నాడు. ఒక్కసారి "వద్దులే, రా" అంటే పరుగెత్తి వచ్చేవాణ్ణే. ఆయన అనలేదు. ఊళ్లో అంత గొప్పగా చెప్పుకున్న మనిషి ముందు భయపడి వెనక్కి రావడం కంటే ఆకాశంలో పోవడమే నయమనిపించింది.

సీటులో కూర్చున్నాక సీటు బెల్టు ఊడుతుందేమోనని రెండుసార్లు లాగి చూశాను. రెక్క మీది రివెట్ల వరుసలు చూస్తూ, ఊడినట్టున్న దాని కోసం వెతికాను. (దొరకలేదు. దొరకకపోవడంతో ఇంకా అనుమానం పెరిగింది.) విమానం కదలగానే ఇక సిగ్గు వదిలేసి, నిమ్మకాయను బూటు మడమ కింద పెట్టి తొక్కాను. గుప్పున వాసన వచ్చింది. పక్కసీటులో విజయవాడ నుంచి వచ్చిన పిన్నిగారొకరు, కళ్లు మూసుకుని ఏదో జపిస్తున్నావిడ, ఒక కన్ను తెరిచి చూశారు. తిడతారనుకున్నాను.

"ఇంకోటి ఉందా బాబూ?" అన్నారు చిన్నగా.

ఇచ్చాను. ఆవిడ చెప్పు కింద అది చితికిన చప్పుడు విని కాస్త ఊపిరి పీల్చుకున్నాను. అంతలోనే గమనించాను: విమానం రన్‌వేలో నేను లెక్కవేసిన కొసకు కాకుండా అవతలి కొసకు పోతోంది. కిటికీలోంచి చూస్తే, గాలి ఎటు వీస్తోందో చూపే గాలిసంచి ఎన్నడూ లేనట్టు పడమటికి తిరిగి ఊగుతోంది. గాలి మారింది. విమానాలు గాలికి ఎదురుగా లేస్తాయని అమ్మకు చెప్పనే లేదు. ఇంజన్లు గర్జించాయి, కింద, మా ఊరికి ఎదురు దిక్కున ఉన్న తుక్కుగూడ వైపు ఔటర్ రింగ్ రోడ్డు బెల్టులా జారిపోయింది. ఎర్రచీర లేదు, మిద్దె లేదు. అమ్మ అక్కడ ఎదురుచూస్తూ ఏమనుకుంటుందోనన్న దిగులులో, చావబోతున్నానన్న సంగతి చాలాసేపు మరిచిపోయాను.

ఢిల్లీలో దిగి ఫోన్ తెరిచేసరికి బాపు చేసిన కాల్స్ వరుసగా కనిపించాయి. వెంటనే చేశాను.

"బిడ్డా, ఏడున్నవ్? బయటికి రా. నేను గేటు కాడనే ఉన్న."

"ఏ గేటు బాపూ?"

"మీ అమ్మ ఫోన్ జేసింది. విమానం జర కిందికే ఎగురుకుంట, మన మిద్దె మీదికెళ్లి ఎయిర్‌పోర్టు దిక్కే మళ్లొచ్చిందంట. నువ్వు భయపడి ఆపిచ్చినవని అందరికి సమజైంది. ఏం గాదు, రా. భయం ఎవలికైనా అయితది. ఊళ్లె నేను చెప్త, ఇంజన్ ఖరాబైందని. జర చాయ్ తాగి ఇంటికి పోదం."

గాలి మారినప్పుడు దిగే విమానాలు మా మిద్దె మీదుగా వస్తాయి. అమ్మ చీర ఊపింది వాటిలో ఒకదానికి. ఈ సంగతంతా సవివరంగా చెబుదామనుకుని, ఒక్క ముక్కే చెప్పాను.

"బాపూ, నేను ఢిల్లీల ఉన్న."

"దిగినవా? మంచిగ దిగినవా?" అన్నాడు. తర్వాత, "మరి గా విమానంల వచ్చినోళ్లెవరు?"

ఇప్పుడు నెలకోసారైనా విమానం ఎక్కుతాను. రివెట్లు మాత్రం ఇప్పటికీ చూస్తాను. వెనక్కి వస్తే బాపు ముఖం ఎలా చూడాలా అని చెమటలు కక్కిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడు పైన అలా వణుకుతున్న వేళ, కింద బాపు గేటు దగ్గర ఎండలో నిలబడి, వాడి పరువు కోసం ఒక మంచి ఇంజన్‌ను చెడగొడుతున్నాడు.