కురుమూర్తి మరిచిపోయే పద్యం

సంస్థానాల రోజుల్లో మా నాటకం కంపెనీలో రాజు వేషం కట్టే కురుమూర్తికి ఒకటే జబ్బు. అసలైన పద్యం దగ్గరికి రాగానే మరిచిపోతాడు. రాణిని విడిచి అడవికి బయల్దేరే రాజు చేయి ఎత్తుతాడు, గొంతు సవరించుకుంటాడు, నోరు తెరుస్తాడు. అంతే. నేను హార్మోనియం మీద అదే శ్రుతి నొక్కిపట్టుకుని కూర్చోవాలి. తెర పక్కనున్న రామచంద్రయ్య పాదం పాదం అందిస్తే తప్ప రాజుగారు అడవికి కదలరు.

ఇంతా చేసి, గద్వాల చుట్టుపక్కల అంత జ్ఞాపకం ఉన్న నటుడు లేడు. రాజు కాకముందు అతను వెయ్యని వేషం లేదు. ముని అతనే, చెలికత్తె అతనే, రాక్షసుడూ అతనే. అయిజలో ఒకసారి చచ్చిపడి ఉన్న రాక్షసుడు, మంత్రి తడబడితే పడుకునే ఉండి మాట అందించాడు. జనం "రాక్షసా, వన్స్ మోర్!" అని ఒకటే గోల. కానీ అతని ప్రాణమంతా ఆ రాజు పద్యం మీదే. అప్పట్లో రాజుగా రామచంద్రయ్య దాన్ని ఎత్తుకుంటే, ఇతను చెలికత్తె చీరలో ఓ పక్కన నిలబడి పెదవులు కదిపేవాడు. ఆ ముఖం చూస్తే నాకే జాలేసేది.

రామచంద్రయ్యకు మోకాళ్ళు పట్టేశాక కిరీటం కురుమూర్తికి వచ్చింది. పెద్దాయనకు తెర పక్కన పీట వేసి, మాటలందించే పని ఇచ్చారు. అప్పుడు మొదలైంది ఈ మరుపు.

కంపెనీ యజమాని వెంకట్రాములు మండిపడ్డాడు. "సచ్చిపడి ఉండి అందరి మాటలు జెప్పినోనివి, నీ పద్యం నీకు తెల్వదంటవేంది?"

"కిరీటం బరువుంది సేటూ. గుర్తు ఆగుతలేదు."

"అది అట్ట కిరీటమయ్యా!"

పెబ్బేరు నుంచి కొల్లాపూర్ వెళ్ళే దారిలో, నేను బండిలో దుప్పటి కప్పుకుని పడుకున్నాను. కురుమూర్తి బండి తోలుతూ ఎడ్లకు ఆ పద్యం పాడుతున్నాడు. ఒక్క మాట తప్పలేదు. నాకు కళ్ళు చెమర్చాయి. మరుక్షణమే ఒళ్ళు మండింది.

"అంతా వచ్చు నీకు! మరి నా వేళ్ళెందుకు ఇరగ్గొడ్తున్నవ్?"

"జర మెల్లగ. ఎవ్వరం మర్చిపోకుంటే పెద్దయ్యకు పనేముంది? సేటు ఊరికి తోలేస్తడు. నాటకం లేకుంటే ఆయన బతుకడు."

"మరి నీ ఆశ?"

అతను ఎడ్ల వైపే చూస్తూ అన్నాడు. "ఉన్నది. ఏడికి పోతది?"

కొల్లాపూర్‌లో సేటు అందరి ముందే చెప్పేశాడు. "ఇయ్యాల మర్చిపోతివా, కిరీటం దించుత. మళ్ళ చెలికత్తెవే."

పద్యం రానే వచ్చింది. కురుమూర్తి చేయి ఎత్తాడు, నోరు తెరిచాడు, ఆగాడు.

"పాడరాదూ!" అన్నాను పళ్ళు కొరుకుతూ.

అతను పీట వైపే చూస్తున్నాడు. రామచంద్రయ్య ఈసారి మాట అందించలేదు. పద్యమంతా తానే ఎత్తుకున్నాడు. మోకాళ్ళు పోయాయి గానీ ఆ గొంతు పోలేదు. కురుమూర్తి దానికి తగ్గట్టు పెదవులు కదిపాడు, చెలికత్తె చీరలో నేర్చిన విద్య కదా. జనం లేచి "వన్స్ మోర్!" అన్నారు. కిరీటం కురుమూర్తి తలమీదే ఉండిపోయింది.

నాటకం అయ్యాక రామచంద్రయ్య మందలించాడు. "గింత మతిమరుపేందిరా? నేను లేకుంటే ఏమైతుంటివి?"

"చెలికత్తెనైతుంటి పెద్దయ్యా."

అప్పటినుంచి ఆ పద్యం ప్రతి ఊళ్ళోనూ అలాగే సాగింది. పెద్దాయన పాడేవాడు, కురుమూర్తి పెదవులు కదిపేవాడు. అతని సొంత గొంతుతో దాన్ని విన్నవి బండెడ్లే. ఎడ్లు వన్స్ మోర్ అనలేవు కదా. అందుకని దుప్పట్లోంచి నేనే అనేవాణ్ణి.