సగం సీసా ఆక్సాలిక్ ఆమ్లం

ఆరేళ్లలో తొమ్మిది అర్జీలు పెట్టాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఎనిమిదింటి మీద అందినట్టు ముద్ర వేసి ఇచ్చారు. తొమ్మిదోదాని మీద ఆ ముద్ర కూడా తలకిందులుగా పడింది. ఎవరూ చదవరని తెలిసీ తొమ్మిదిసార్లు రాసినవాణ్ణి, పదోసారి ఇక్కడ రాయడానికి నాకేం అభ్యంతరం లేదు.

చార్మినార్‌కు నడిచిపోయేంత దూరంలో ఉన్న ఒక జూనియర్ కాలేజీలో నేను కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంటును. ముప్పై ఏళ్ల సర్వీసు. స్టాఫ్ గ్రూప్ ఫోటోలో నన్ను నిలబెట్టిన చోట పూలకుండీ అడ్డం వచ్చింది, అది వేరే అర్జీ. ద్రావణాలు తయారుచేయడం నా పని. ఆక్సాలిక్ ఆమ్లం స్ఫటికాలు లీటరుకు ఆరు పాయింట్ మూడు గ్రాములు తూచి కరిగిస్తే దాని గాఢత పాయింట్ ఒకటి నార్మల్. నిద్రలో లేపి అడిగినా ఈ మాట చెబుతాను. పరీక్షలో పిల్లలు ఈ ఆమ్లంతో టైట్రేషన్ చేసి కాస్టిక్ సోడా గాఢత కనుక్కోవాలి. పరీక్ష రోజు పొద్దున్నే నేనే మూడుసార్లు అది చేసి, రావలసిన జవాబును ఒక చీటీ మీద రాసి, మడిచి, బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ చేతిలో పెట్టడం మా దగ్గర ఆనవాయితీ. పిల్లల జవాబులను దానితో పోల్చి మార్కులు వేస్తారు.

ఆరేళ్ల కిందట కొత్తగా ఒక లెక్చరర్ సార్ వచ్చాడు. నార్మాలిటీ పాతబడిందనీ, సిలబస్‌లో ఇప్పుడు మొలారిటీయే ఉందనీ చెప్పి సీసాలన్నిటికీ కంప్యూటర్ చీటీలు అంటించాడు. అంకె పాతదే, కొలత కొత్తది. నా ఆక్సాలిక్ ఆమ్లం పాయింట్ ఒకటి మొలార్ అయి కూర్చుంది.

"సార్, గిది తప్పు. మొలార్‌ల జెప్తే గిది సగమే," అన్నాను.

"కాస్టిక్ సోడాకు రెండూ ఒకటే గదన్నా?"

"దానికి ఒకటే. దీనికి గాదు. బేగంబజార్‌ల లారీ కాడికి హమాలీలు వచ్చిన్రనుకోండ్రి. మీ మొలారిటీ మనుషులను లెక్కవెడ్తది. నా నార్మాలిటీ చేతులను లెక్కవెడ్తది. కాస్టిక్ సోడా ఒంటిచేతి మనిషి. ఆక్సాలిక్‌కు రెండు చేతులు. నేను వంద చేతులు లెక్కవెట్టి నింపిన సీసా మీద మీరు వంద మంది ఉన్నరని రాసిన్రు. ఉన్నది యాభై మందే సార్."

"మస్తు జెప్పినవన్నా! పేపర్ల హమాలీల మీద క్వశ్చన్ వస్తే నిన్నే పిలుస్త," అని నవ్వి వెళ్లిపోయాడు. ఆ నవ్వు నాకింకా గుర్తుంది. కుడివైపు పంటి మీద పాన్ మరక కూడా గుర్తుంది.

పరీక్ష రోజున చీటీలో జవాబు కింద ఇంకో వాక్యం చేర్చాను: "సీసా మీద కొలత తప్పు. ఆమ్లం నార్మల్, మొలార్ కాదు." ఎగ్జామినర్‌కు వేసిన బల్లకు ఒక కాలు పొట్టి. చాయ్ వచ్చింది, సాసర్‌లోకి ఒలికింది. ఆయన నా చీటీని విప్పకుండానే ఇంకో రెండు మడతలు పెట్టి బల్లకాలి కింద దోపాడు.

"సార్, అది జవాబు!"

"పాయింట్ ఒకటే గద భాయ్. మీ సార్ ముందే జెప్పిండు."

ఆ తర్వాత బల్ల కదలలేదు, ఆ మాట ఒప్పుకుంటాను.

పిల్లలందరికీ కాస్టిక్ సోడా గాఢత రావలసినదానికి రెట్టింపు వచ్చింది. ఒక్కడికి తప్పొస్తే వాడు సరిగ్గా చేయలేదనుకోవచ్చు. గదిలో ఉన్నవాళ్లందరికీ ఒకే తప్పు అంత పొందికగా వస్తే సీసా వైపు చూడాలి కదా. వాళ్లు నా వైపు చూశారు. లొల్లి ఎందుకని ఎగ్జామినర్ అందరికీ మార్కులు వేసి, రిపోర్టులో మాత్రం "ద్రావణం తయారీలో ల్యాబ్ అసిస్టెంటు అజాగ్రత్త" అని రాశాడు. అది నా సర్వీసు పుస్తకంలోకి ఎక్కింది. దాన్ని కొట్టేయమనే ఆ తొమ్మిది అర్జీలూ. ఇన్నేళ్లలో నా పని గురించి కాలేజీ రాసిన ఒకే ఒక్క వాక్యం అది. వచ్చే మార్చిలో నేను రిటైర్ అవుతాను. ఆ వాక్యం అవదు.

అందుకే ఆ రోజు మిగిలిన నిండు సీసాను, పాత చీటీ మీద అంటించిన కొత్త చీటీతో సహా, మైనంతో మూసి, ఎర్రగా "విషం" అని రాసి, మాదన్నపేటలో మా ఇంటి బీరువా పై అరలో పెట్టాను.

"నా పట్టుచీరలకు జాగ లేదు గని, నీ నీళ్లకు బీరువానా?" అంది మా ఆవిడ. ఆరేళ్లూ అంటూనే ఉంది.

పోయిన నెల కొత్త ప్రిన్సిపాల్ మెట్ల మీద కనబడితే దారికి అడ్డంగా నిలబడి, నా దగ్గర సాక్ష్యం ఉందన్నాను. "సోమవారం నీ సాక్ష్యమేందో తీస్కరా," అన్నాడు. పరుగున ఇంటికెళ్లి బీరువా తీస్తే సీసా సగమే ఉంది. దేవుడి గూటిలో ఇత్తడి కుంది ఒకటి కొత్తదానిలా మెరుస్తోంది.

"ఏం జేసినవే?"

"మంచిగ మెరుస్తున్నది గదా! చింతపండుకు పోని మరక. ఇది మరకలు దీస్తదని నువ్వే జెప్పినవ్."

"విషమని రాసిన గదా!"

"అందుకే చేతులకు కవర్లు తొడుక్కున్న. తర్వాత మూడు నీళ్లు వోసి కడిగిన. ఫికర్ జెయ్యకు. ఆరేండ్ల సంది ఉత్తగ కూసున్నది, ఒక్క పనన్న జేసింది."

ఆ పూట అన్నం తినలేదు. సాయంత్రానికి తట్టింది: పోయింది ద్రావణం, గాఢత కాదు. సీసా తీసుకుని సోమవారం వెళ్లాను. ప్రిన్సిపాల్ పక్కన ఆ లెక్చరర్ సారే కూర్చున్నాడు. ఇప్పుడు ఆయన వైస్ ప్రిన్సిపాల్.

"సగమే ఉన్నదేంది? సగం సాక్ష్యంతోని ఏం తేలుతది?" అన్నాడు ప్రిన్సిపాల్.

"మీరు చాయ్ సగం తాగిన్రు సార్. మిగిలినదాంట్ల తీపి సగమైందా?"

ఆయన కప్పులోకి చూశాడు. ఇంకో గుక్క తాగి, లేదన్నట్టు తల ఊపాడు. ఆరేళ్లలో నాకు దొరికిన జవాబు అంతే.

"మైనం ఊడింది గదా. ఇంట్ల ఏం కలిపిన్రో ఎవలకెరుక?" అన్నాడు వైస్ ప్రిన్సిపాల్.

"కలిపితే లెక్క తప్పాలె సార్. చేసి చూడుండ్రి."

"జానేదో అన్నా. మార్చిల ఎట్లనో పోతనే ఉన్నవ్."

అప్పటినుంచి సీసా ల్యాబులో రెండో బల్ల మీదే ఉంది. బ్యూరెట్టును రోజూ కడిగి నిలబెడుతున్నాను. ఇంట్లో రెండో కుంది ఇంకా నల్లగానే ఉందని, ఆ మిగిలిన సగం ఎప్పుడు తెస్తావని మా ఆవిడ రోజూ అడుగుతోంది. ఎక్కువ రోజులు ఆపలేను.

వైస్ ప్రిన్సిపాల్ సార్, పది నిమిషాల పని. కాస్టిక్ సోడా పాయింట్ ఒకటిది మీరే చేసి తెచ్చుకోండి, నా చేయి తగలనివ్వను. సీసాలోంచి ఇరవై మిల్లీలీటర్లు తీసి, ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు వేసి, బ్యూరెట్టులోంచి మీ సోడాను చుక్కచుక్కగా వదలండి. నలభై దగ్గర గులాబీ రంగు వస్తే మీ చీటీ సరైనది, నేను నోరెత్తను. ఇరవై దగ్గర వస్తే నా తూకం సరైనది, ఆ వాక్యం మీ చేత్తో కొట్టేయాలి. ఇరవయ్యా, నలభయ్యా? ఒక్క అంకె చెప్పండి సార్.