పడమటి గట్టు మీది చీర

పెనుకొండ కొండ వెనకవైపు మూడెకరాల శనక్కాయ చేను పోతులయ్యది. చుట్టూ కర్రలు, కర్ర కర్రకూ చీరలు. తెలియనివాళ్లు బస్సు కిటికీలోంచి చూసి అక్కడేదో జాతర జరుగుతోందనుకుంటారు. జాతరా పాడా! అడవిపందుల భయం. కాయ పట్టే రోజుల్లో ఒక్క మంద దిగిందంటే చాలు, పొద్దున్నే వెళ్లి చూస్తే చేనంతా నాగలి తోలినట్టుంటుంది. గాలికి చీర ఆడితే ఎవరో మనిషి ఉన్నారనుకుని పంది జంకుతుంది.

ఆడే చీర ఒక్కటే చాలదని ఆ ఊళ్లో మొదట పట్టుబట్టింది మాత్రం పోతులయ్య భార్య సిద్దమ్మ. పందికి కన్ను మందం, ముక్కు చురుకు అని ఆమె వాదన. ఆమెది అమరాపురం. సగం కన్నడం, సగం తెలుగు, మొగమాటం సున్నా. శనక్కాయ ఊడలు దిగేవేళకు ఇల్లిల్లూ తిరిగేది.

"కట్టి విడిచిన చీరే ఇయ్యి యల్లక్కా. ఉతకద్దు. సబ్బు వాసనకు యాడన్నా పంది బెదురుతాదా?"

మురికి చీరలు అడుక్కునే మనిషని ఊరంతా పడీపడీ నవ్వింది. రెండేళ్లు తిరిగేసరికి అందరి చేలకూ మురికి చీరలే! నవ్వినవాళ్లు ఆ సంగతే ఎరగనట్టు ఊరుకున్నారు.

కొందరు కరెంటు తీగ లాగుదామన్నారు. సిద్దమ్మ ఒంటికాలి మీద లేచింది. "తీగకు పందేదో మనిషేదో ఎట్ల తెలుస్తాదప్పా? రేపు నీ బిడ్డే తగులుకుంటే ఏం చేస్తావు?" అని నడివీధిలో నిలదీసింది. ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఏ చీర ఎవరిదో ఆమెకు తెలుసు. సాయంత్రం గట్టు వెంట నడుస్తూ ఒక్కొక్కదాన్నీ పలకరించేది. "కుళ్ళాయమ్మా, గట్టిగా నిలబడు. యల్లక్కా, అప్పుడే నిద్రపోతాండావా?" వెనక నడిచే పోతులయ్యకు నవ్వు ఆగేది కాదు. ముప్పై రెండేళ్ల కాపురంలో ఆయన నవ్విన నవ్వంతా దాదాపు ఆ గట్టు మీదే నవ్వాడు.

ఈ ఏడు ఉగాదికి ముందు సిద్దమ్మకు జ్వరం తగిలింది. వారం రోజుల్లో మనిషి లేకుండా పోయింది. పెద్దకర్మ నాడు ఆమె చీరలన్నీ అక్కచెల్లెళ్లకు పంచేశారు. ఒక్కటి మిగిలింది. ఆసుపత్రికి పోయేముందు విడిచి దండెం మీద వేసిన నీలం నూలు చీర. పోతులయ్య దాన్ని ఎవరి కంటా పడకుండా మడిచి, రేకు పెట్టె అడుగున దాచుకున్నాడు.

దినమూ ఒకసారి పెట్టె తెరిచేవాడు. పసుపు, చెమట, వక్కాకు, తలనూనె అన్నీ కలిసిన వాసన. సిద్దమ్మ పక్కన కూర్చున్నట్టే ఉండేది. ఎక్కువసేపు తెరిస్తే తరిగిపోతుందేమోనని రెండు గుక్కలు పీల్చి మూత వేసేవాడు. పిచ్చి అంటారా? అనండి. ఆ రెండు గుక్కల కోసమే ఆయనకు మరుసటి రోజు తెల్లవారేది.

ఈ ఏడు చీరలు అడిగే పని కోడలు మల్లిక మీద పడింది. ధర్మవరంలో మగ్గాల మధ్య పెరిగిన పిల్ల. మొగుడు గిరి హిందూపురం మిల్లులో షిఫ్టులకు పోతే, చేను పని మామతో కలిసి తనే చూస్తుంది. అత్త లాగే ఊరంతా తిరిగింది. అన్నీ కట్టేసరికి పడమటి గట్టున, సరిగ్గా కొండ వైపున, ఒక చీర పొడవు ఖాళీ మిగిలింది.

"మామా, దినమూ పెట్టె తెరుస్తావే, దాంట్లో అత్తది ఒకటుండాది కదా?"

"యాడుండాది? ఏం లేదు," అన్నాడు పోతులయ్య మొహం తిప్పుకుని. "నువ్వు పో పాపా. ఆ పక్క నేను చూసుకుంటా."

ఎండకూ మంచుకూ పది రోజులు నిలబెడితే ఆ చీరలో ఇంకేం మిగులుతుంది? ఆయన చేతులు రాలేదు. తుమ్మకంప నాలుగు మోపులు తెచ్చి ఆ ఖాళీలో అడ్డం వేశాడు. ఇంటికొచ్చి, "అంతా గట్టిగా కట్టేసినాలే," అని చెప్పాడు.

ఎనిమిదో రోజు పొద్దు పొడిచే వేళ మల్లిక చేనుకు ముందు పోయింది. పోతులయ్య నీళ్ల క్యాను పట్టుకుని వెనకాల వస్తున్నాడు. తూర్పు గట్టు ఎక్కేసరికి చేను నడుమ నల్లగా, దూడంత మగపంది. మూతికి మట్టి, మట్టిలోంచి బయటికి తెల్లగా కోరలు. మనిషి అలికిడికి తల ఎత్తింది.

మల్లిక అరవలేదు, రాయి విసరలేదు. అత్త చెప్పిన మాట గుర్తు తెచ్చుకుంది. పంది తనంతట తాను మనిషి మీదికి రాదు. దావకు అడ్డం నిలబడితే మాత్రం వదలదు. వచ్చిన దావనే పోతుంది కాబట్టి ఆ దావ వదిలి నిలబడాలి. మరి ఇది ఏ దావన వచ్చింది? చుట్టూ చూసింది. చీరల కింద నుంచి ఎక్కడన్నా దూరి ఉండవచ్చు. పడమట కంప ఉంది, అక్కడ నుంచి రాదు. పాపం, అలా అనుకునే గట్టు వెంట అటు పరుగెత్తింది.

పంది కంప తోసుకునే వచ్చింది. ఆ పక్కకే మళ్లింది.

"అటు పోవద్దు పాపా!" అని పోతులయ్య అరిచిన అరుపు ఆమెకు చేరేలోపే అది తొడ మీద కోరతో ఎత్తి కొట్టి, కంప దాటి కొండలో కలిసిపోయింది. రెప్పపాటు, అంతే. కాలువ గట్టు తెగినట్టు రక్తం. పోతులయ్య తన తలగుడ్డ విప్పి తొడకు బిగించి కట్టాడు. పక్క చేను అంజనప్ప పరుగెత్తుకొచ్చి ఆటో పిలిచాడు. పెనుకొండలో కట్టు కట్టి హిందూపురం పంపారు. పందొమ్మిది కుట్లు. ఇంకో జానెడు పైకి తగిలి ఉంటే మనిషి దక్కేది కాదన్నాడు డాక్టరు.

మంచం మీద మల్లిక మెల్లగా అంది: "కంప ఉండాది కదా మామా. ఆడ నుంచి రాదనుకున్నా."

పోతులయ్య నిజం చెప్పలేదు. ఛీ, ఏం బతుకు అని తనను తానే తిట్టుకుంటూ ఇంటికొచ్చాడు. పెట్టె తెరిచి చీరలో మొహం దాచుకున్నాడు. ఆ పూట గుక్కలు లెక్కపెట్టుకోలేదు. తరువాత దాన్ని చంకన పెట్టుకుని పోయి, కంప పీకేసి, పడమటి గట్టున కట్టాడు.

అంజనప్ప చూసి నిలబడిపోయాడు. "ఏమప్పా, అది సిద్దక్కది కదా?"

"ఔ. ఇంక ఆడ ఆమే నిలబడతాది."

మరుసటి వారం పంది అడుగులు ఆ చీర దాకా వచ్చి వెనక్కి తిరిగి ఉన్నాయి. "భలే సిద్దీ!" అన్నాడు పోతులయ్య పైకే. అని, ఒంటరిగా ఏడ్చాడు. దినమూ సాయంత్రం చీరకు మొహం ఆనించేవాడు. మొదట వక్కాకు వాసన పోయింది. తరువాత నూనె. తరువాత పసుపు. చివరికి మంచు తడి, ఎర్రమట్టి, అంతే. సిద్దమ్మ రెండోసారి పోయినట్టయింది ఆయనకు.

నెల దాటాక మల్లిక కర్ర ఊతంగా చేనుకు వచ్చింది. చంకలో తను కట్టి విడిచిన చీర.

"అత్తది ఇప్పి పెట్టెలో పెట్టుకో మామా. ఈడ నాది కడతా."

అప్పుడు చెప్పేశాడు పోతులయ్య, తల వంచుకుని. "నేనే దాచిపెట్టినా పాపా. ఇది ఆ పొద్దే కట్టుంటే నీకు ఈ గతి పట్టేది కాదు. నన్ను తిట్టు."

మల్లిక తిట్టలేదు. ఆ నీలం చీర వైపు చూసింది. "నా కోసం బయట పెట్టేస్తివే. వాసన పోయిండాదా మామా?" అంది.

పోతులయ్య ఆమె కాలి కట్టు వైపు చూశాడు.

"లేదు పాపా. అట్లనే ఉండాది."

మల్లిక కర్ర పక్కన పెట్టి, చీర కొంగు రెండు చేతులా పట్టుకుని మొహానికి ఆనించుకుంది. మంచు తడి, ఎర్రమట్టి. తల ఎత్తి మామ కళ్లలోకి చూసింది.

"ఔ మామా," అంది. "అచ్చం అత్తే."