సగం గడ్డంతో ఆస్పత్రికి

సెలూన్ బాబాయికి ఇరవై ఆరేళ్ళుగా ఒకటే అలవాటు. కుర్చీలో కూర్చున్న మనిషితో అద్దంలో చూస్తూ మాట్లాడతాడు. ఆ వీధిలో సగంమందికి ఆయన మొహం కుడి ఎడమలు తారుమారుగానే తెలుసు. కూరగాయల కొట్టు దగ్గర ఎదురైతే ఎక్కడో చూసినట్టుందే అని తడుముకుంటారు.

ఆయన దుకాణం తెరిచిన కొత్తలో ఆ వీధిలో మేడ అంటే ఒక అంతస్తు. ఇప్పుడు పైకి చూడాలంటే మెడ పట్టేస్తుంది. మేడలు పెరిగాయి, వాటిలో తలలు పెరిగాయి, బాబాయికి చేతినిండా పని. ఆ తలల్లో బరువు కూడా పెరిగిందన్న సంగతి ఆయనకి ఆలస్యంగా తెలిసింది.

కిందటేడు ఎదురు మేడలో ఉండే ఓ ఉద్యోగి ఆత్మహత్య చేసుకున్నాడు. అంతకు రెండు రోజుల ముందే బాబాయి అతనికి క్రాపు చేశాడు. అరగంటసేపు ఆ తల తన చేతుల్లోనే ఉంది. మాట్లాడుకున్నది మాత్రం ట్రాఫిక్ గురించి. అలాంటి వార్తలు పేపర్లో వారం వారం వస్తూనే ఉన్నాయి గాని, తను దువ్విన తల గురించి చదవడం వేరు. ఇంకొకరిని అలా చేజారనివ్వకూడదని ఆయన గట్టిగా అనుకున్నాడు.

అందుకే పేటలో ఉన్న ఆస్పత్రివాళ్ళు సెలూన్లవాళ్ళందరినీ పిలిచి ఒక పూట పాఠం చెబుతామంటే అందరికంటే ముందు వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాడు. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు బుర్రకెక్కించుకున్నాడు. మనిషి మాసిపోయి ఉంటే గమనించాలి. ఇష్టమైన వస్తువులు పంచిపెడుతుంటే గమనించాలి. వీడ్కోలులాంటి మాటలు వినాలి. అనుమానం వస్తే చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్న ఆలోచన బయటపడుతుంది. బయటపడ్డాక ఉపన్యాసం ఇవ్వకూడదు, ఒంటరిగా వదలకూడదు, మా దగ్గరికి తీసుకురావాలి.

మర్నాటి నుంచి వీధికి బాబాయి భయం పట్టుకుంది. మాసిన గడ్డం కనబడితే చాలు, పక్కకి పిలిచి గుసగుసగా అడిగేవాడు. గడ్డాలు పెంచడం ఫ్యాషనని ఆయనకి తెలిసేసరికి పద్నాలుగు గడ్డాలను పరామర్శించాడు. ఒకాయన నిట్టూర్చాడని కత్తెర కిందపెట్టి చెయ్యి పట్టుకుంటే, మెడకి కట్టిన గుడ్డ బిగుసుకుందని తేలింది.

"మీరు దుకాణం నడుపుతున్నారా, దర్యాప్తు చేస్తున్నారా?" అంది ఆయన భార్య.

"నీకు తెలీదు, ఊరుకో."

"తెలిసే అంటున్నా. నిన్న మా అన్నయ్య ఫోన్ చేశాడు. బావగారు నేను చచ్చిపోతాననుకుంటున్నారు, నా ఒంట్లో ఆయనకి ఏదైనా జబ్బు కనిపించిందేమో కనుక్కో అని."

ఇంత జల్లెడ పడుతున్నా బాబాయి ఒక్క మనిషిని మాత్రం వదిలేశాడు. ఆయన ట్యుటోరియల్‌లో లెక్కలు చెప్పే మాస్టారు. మూడు వారాలుగా రోజూ తొమ్మిదింటికి సంచీతో వచ్చి నున్నగా గడ్డం గీయించుకుని, బెంచీ మీదవాళ్ళని కడుపుబ్బ నవ్వించి వెళుతున్నాడు. ఇంత శుభ్రంగా ఉండే మనిషికి బాధేమిటి అనుకున్నాడు బాబాయి.

ఆ రోజు మాస్టారి కుడి బుగ్గ అయిపోయింది. ఎడమ బుగ్గకి బాబాయి నురుగు పూస్తుండగా పక్క మేడలో ఉండే కళ్ళజోడు ఇంజనీరు పూలకుండీ పట్టుకుని వచ్చాడు.

"ఇది నీ దగ్గర ఉంచుకో బాబాయ్. చిన్నపిల్లని చూసుకున్నట్టు చూసుకున్నా దీన్ని. ఇక వెళ్తాను."

బాబాయి చేతిలో బ్రష్షు ఆగిపోయింది. ఇష్టమైన వస్తువు ఇచ్చేశాడు. పైగా వెళ్ళొస్తానని అనలేదు, వెళ్తానన్నాడు. ఇరవై ఆరేళ్ళలో ఆ గుమ్మం దిగుతూ ఒక్కరూ అలా అనలేదు. ఒక్క ఉదుటున వెళ్ళి అతని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చాడు.

"ఏమైంది బాబాయ్, మొక్క వద్దా?"

"మొక్క సంగతి తర్వాత. చచ్చిపోవాలని ఏమన్నా అనిపిస్తోందా నీకు?"

ఇంజనీరు కుండీ వంక చూశాడు, బాబాయి వంక చూశాడు. "ఇల్లు మారుతున్నా బాబాయ్. కొత్తింటికి బాల్కనీ లేదు. అంతే."

"మరి వెళ్ళొస్తానని అనలేదేం?"

"అక్కడ మా ఇంటి కిందే సెలూన్ ఉంది. మళ్ళీ వస్తానని నీతో అబద్ధం చెప్పడం దేనికని."

బాబాయికి ఆ భయం తీరింది, గిరాకీ పోయిన బాధ మొదలైంది. బెంచీ మీద కూర్చున్న ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. "మొక్కని కూడా ఒకసారి అడుగు బాబాయ్, ఆకులు వాడిపోయాయి," అన్నాడొకడు.

"అందరినీ అడుగుతావు. నన్ను మాత్రం అడగలేదేం?" అన్నాడు మాస్టారు నురుగులోంచి.

బెంచీ మళ్ళీ నవ్వింది. బాబాయి కూడా నవ్వబోయాడు. "మీకేం మాస్టారూ, రోజూ గడ్డం గీయించుకునే..." అంటూ అద్దంలోకి చూసి ఆగాడు. తర్వాత తన జన్మలో చేయని పని చేశాడు. కుర్చీని కిర్రుమని తనవైపు తిప్పుకున్నాడు. ఇన్నాళ్ళూ అద్దంలో చూసిన నవ్వు ఎదురుగా చూస్తే నవ్వులా లేదు.

"మాస్టారూ, చచ్చిపోవాలనిపిస్తోందా?"

"అనిపిస్తోంది. పది రోజుల్నించి."

మాస్టారు మెల్లగా చెప్పుకొచ్చాడు. ట్యుటోరియల్‌వాళ్ళు మాస్టారిని మానిపించి మూడు వారాలైంది. వాళ్ళకి పైనుంచి కిందదాకా అద్దాల మేడ వచ్చాక కుర్ర మాస్టార్లు కావాల్సి వచ్చారు. ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు. రోజూ టైముకి బయల్దేరి, మొదటి అరగంట గడవడానికి ఇక్కడ కూర్చుంటున్నాడు. "నున్నగా ఉంటే ఎవరికీ అనుమానం రాదు కదా," అన్నాడు.

ధైర్యంగా ఉండండి, ఇంట్లోవాళ్ళ మొహం చూడండి అనే మాటలు బాబాయి గొంతుదాకా వచ్చాయి. మింగేశాడు. "ఇంకా చెప్పండి," అని మాత్రం అన్నాడు. మాస్టారు చెప్పింది చివరిదాకా విన్నాడు. ఆ తర్వాత, "పదండి, డాక్టరమ్మ దగ్గరికి," అన్నాడు.

"సగం గడ్డంతోనా?"

"సగం గడ్డంతోనే. రెండో బుగ్గ కూడా గీశానంటే నాకేం కాలేదని లేచి చక్కా పోతారు."

బెంచీవాళ్ళకి దుకాణం అప్పగించి, బాబాయి ఒక పక్క, ఇంజనీరు ఇంకో పక్క, మధ్యలో మెడకి తెల్లగుడ్డతో మాస్టారు. ఆస్పత్రి కౌంటరు దగ్గరికి చేరేసరికి బాబాయి ఒళ్ళంతా చెమట, చేతిలో నురుగు బ్రష్షు.

"పేషెంటు ఎవరు?" అంది కౌంటరమ్మాయి, బాబాయినే చూస్తూ.

"నేనేనమ్మా," అన్నాడు మాస్టారు. "వీలైతే ఆయన్ని కూడా ఒకసారి చూడండి."

డాక్టరమ్మ మాస్టారితో గంటసేపు మాట్లాడింది. ఇంట్లో ఎవరు చెబుతారని అడిగితే, మాస్టారు ఫోన్ తీసి బాబాయి చేతిలో పెట్టాడు. మాస్టారి భార్య వచ్చి, వరండాలో భర్తని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమిటండీ ఈ అవతారం?"

మాస్టారు చెప్పాడు. ఉద్యోగం సంగతి మొదలుపెట్టి, పది రోజుల సంగతి దాకా, ఒక్క జోకు కూడా లేకుండా చెప్పాడు. ఆవిడ పక్కన కూర్చుంది. చేతిరుమాలు తడిపి, బుగ్గ మీద ఎండిపోయిన నురుగు మెల్లగా తుడిచింది. అప్పుడు అడిగింది.

"నేను కట్టిన డబ్బా ఎక్కడ కూర్చుని తింటున్నారు ఇన్నాళ్ళూ?"

"పార్కులో."

"ఒక్కరేనా?"

"ఓ కుక్క ఉంది. దానికి నీ కూర నచ్చింది."

"దానికైనా చెప్పారా?"

"చెప్పాను."

"ఏమంది?"

"నీకు చెప్పమంది."

ఆవిడ ఏడుస్తూనే ఆయన భుజం మీద ఒకటి వేసింది. మొగుడూ పెళ్ళాల మాటలు వినడం మర్యాద కాదని బాబాయి గోడ మీది క్యాలెండరు వైపు తిరిగాడు. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.