ఎండకు తెరిచిన రీలు

నక్సలైట్ల కాలంలో కెమెరా పట్టుకుని అడవిలో నిలబడటం తెలివైన పని కాదు. నేను సిరిసిల్లలో మరమగ్గాల దగ్గర నూలు లెక్కలు చూసేవాణ్ని. దూరం, వెలుతురు, షట్టరు లెక్కలు కూడా సొంతంగానే నేర్చుకున్నాను. మల్లాపూర్ అవతలి అడవిలో పిచ్చుక కన్నా చిన్న వడ్రంగిపిట్ట ఒకటి తిరిగేది. పెద్దవాటిలా మానుకు అతుక్కోదు. సన్నటి రెమ్మల అడుగున తలకిందులుగా పాకుతూ, బెరడు పొడిచి పురుగులు ఏరుకుంటుంది. లెన్సు సరిచేసుకునేలోపు ఇంకో చెట్టు మీద ఉంటుంది.

దాని జాడ చూపించింది అక్కడ మేకలు కాసే ఆయన. ఆ రోజు మద్దిచెట్టు ఎండుకొమ్మ మీద పురుగును లాగుతూ అది కాసేపు ఆగింది. నొక్కాను. నొక్కాకే చూశాను, వెనక బాట మీద ఆయన కూతురు సద్దిగంప ఎత్తుకుని వస్తోంది. గంపలో ఉన్నది ఒక్క మనిషి తినే అన్నం కాదు, ఏడెనిమిది మందిది. అడవిలో ఉన్న అన్నలకని అర్థమైంది.

తిరుగు దారిలో, కోరుట్ల ఇంకా రాకముందే, పోలీసులు బస్సు ఆపి నన్ను దింపారు.

“కెమెరాల ఏమున్నదిరా?” అన్నాడు ఎస్సై.

“వడ్రంగిపిట్ట, సార్. మాది సిరిసిల్ల.”

“సిరిసిల్లల కాకులు ఒడిసినయా? పిట్ట కోసం గింత దూరం అచ్చినవా? రీలు తియ్యి. కోరుట్లల కడిగిపిస్తం.”

ఫొటోలో పిట్ట వెనక ఆ పిల్ల పోల్చుకునేంతగా పడి ఉంటుంది. చూస్తే ఎస్సై కూడా అన్నం లెక్కేస్తాడు. రీలు వెనక్కి చుట్టకుండానే ఎండలో కెమెరా వెనక మూత తెరిచాను.

“అయ్యో, ఖరాబైతది సార్!” అని కానిస్టేబుల్ అరిచాడు.

“నాకు తెల్వది సార్. అడిగి తెచ్చుకున్న కెమెరా,” అన్నాను.

ఎస్సై చెంప మీద కొట్టాడు. “ఉత్త పిట్టనే అయితే గింత భయమెందుకురా?”

నేను ఎక్కడ ఎక్కానో కండక్టరును అడిగి తెలుసుకున్నారు. కెమెరా ఉంచుకుని సాయంత్రం నన్ను వదిలేశారు.

కొన్నాళ్ళకు వెళ్ళి చూస్తే, మేకలాయన గుడిసె ముందు మంచంలో పడి ఉన్నాడు. పాదాలు వాచి నేల మీద ఆనడం లేదు.

“నువ్వు నాతోని ఎందుకు తిరిగినవని పోలీసోళ్లు అడిగిండ్రన్నా. పిట్టను సూపెట్టిననని చెప్పిన. నవ్వుకుంటనే కొట్టిండ్రు.”

“బిడ్డ?”

“బిడ్డ ముచ్చట అడుగలే. మేనత్తింటికి తోలిన.” పాదాల మీదికి దుప్పటి లాక్కుంటూ అన్నాడు, “నువ్వు ఇగ ఈ దిక్కు రాకన్నా.”

సరేనన్నాను. మళ్ళీ పోలేదు.