రాయి ఎత్తే పాటలో నా పేరు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. పైగా చదివింది చరిత్ర. ఎవరైనా "మా తాత కళ్లారా చూశాడట" అని మొదలుపెడితే ఎక్కడ, ఎప్పుడు, ఇంకెవరు చూశారు అని అడిగి వాళ్ల ఉత్సాహాన్ని నీరుగార్చే రకం నేను. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ బుద్ధి పోలేదు. కాబట్టి జరిగింది జరిగినట్టే చెబుతాను.

నల్లగొండలో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. అమ్మా నేనూ కిరాయి ఇంట్లో ఉంటాం. సొంతూరు పాలమూరు జిల్లాలో, నారాయణపేట వైపు. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు పీహెచ్‌డీలో చేరి, పాలమూరు లేబర్ చరిత్రను తీసుకున్నాను. మేస్త్రీల వెంట గుంపులుగా వెళ్లి, భాష కూడా తెలియని చోట్ల డ్యాములు కట్టిన కూలీల చరిత్ర అది. వాళ్లలో మా నాయిన కూడా ఒకడు.

నేను అమ్మ కడుపులో ఉండగా ఆయన మేస్త్రీతో వెళ్లాడు. మళ్లీ రాలేదు. ఏ డ్యాముకు వెళ్లాడో కూడా అమ్మకు సరిగా తెలియదు. ఒక్క ఫొటో లేదు. చనిపోయాడని చెప్పినవాళ్లు లేరు, బతికున్నాడని చెప్పినవాళ్లూ లేరు.

మా దిక్కు పెత్రమాస నాడు ఇంట్లో పోయినవాళ్ల పేర్లు చెప్పి బియ్యం ఇస్తారు. అమ్మ మా తాత పేరున, అవ్వ పేరున ఇచ్చేది. నాయిన దగ్గరికి వచ్చేసరికి బియ్యం చేట పక్కకు జరిపేది.

"చచ్చిండని ఎవలన్న చెప్పిండ్రా? బతికున్న మనిషికి బియ్యమిస్తరా?" అనేది.

మెడలో పుస్తె, కాళ్లకు మట్టెలు అలాగే ఉంచుకుంది. బతుకమ్మ ఆడేచోట ఆడవాళ్లు ఆ మట్టెల వైపు చూసి మూతి తిప్పుకునేవాళ్లు. అమ్మ చూడనట్టే పాట అందుకునేది. నా పరిశోధనకు కారణాలేమిటని గైడు అడిగితే ఏవేవో చెప్పాను. అసలు కారణం ఆ చేట. నాయిన ఉన్నాడో లేడో ఏదో ఒకటి అమ్మకు తేల్చి చెప్పాలి.

లైబ్రరీల్లో నాకు దొరికినవన్నీ డ్యాములే, మనుషులు కాదు. ఇంజినీర్ల రిపోర్టులు, గేట్ల బొమ్మలు, ప్రారంభోత్సవాల ఫొటోలు. కూలీల ప్రస్తావన వస్తే "కూలీలు" అన్న ఒక్క మాటతో సరి. ఆన్‌లైన్‌లో కూడా అంతే. చదివీ చదివీ ఒకరోజు విసుగుతో మహబూబ్‌నగర్ లైబ్రరీలో పుస్తకం గట్టిగా మూసేశాను. అక్కడి లైబ్రేరియన్ నవ్వాడు.

"జర నిమ్మళంగ మేడం. బుక్కులల్ల లేకుంటె పాటలల్ల చూడున్రి. పాత క్యాసెట్లు నెట్ల పెడుతున్నరు గద," అన్నాడు.

అలా దొరికింది ఒక ఆన్‌లైన్ భాండాగారం. జానపదాలు సేకరించినవాళ్ల పాత క్యాసెట్లను అందులో ఎక్కించారు. ఆ మధ్యాహ్నమే, ఆ రీడింగ్ రూములోనే, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని "పాలమూరు కూలీలు, రాయి ఎత్తే పాట" అన్నది విన్నాను. రికార్డు చేసిన కాలం నేను పుట్టడానికి ముందటి ఎండాకాలం అని రాసి ఉంది.

ఒకడు పాట ఎత్తుతాడు, మిగతావాళ్లు "హైసా" అంటూ రాయి లేపుతారు. పాడేవాడు మేస్త్రీ బొజ్జనూ, వంటామె మాడ్చిన రొట్టెనూ ఆట పట్టిస్తున్నాడు. నేను నవ్వుకుంటూ రాసుకుంటున్నాను. అంతలో ఈ మాట వచ్చింది.

"పెంట మీది బిడ్డ నా పెంటమ్మ, ఎడమ చెవెనక నల్ల మచ్చ, హైసా."

కాలేజీలో నాకు వేరే పేరు. అది బడిలో పంతులు రాసింది. ఇంట్లో నేను పెంటమ్మను. నాకు ముందు పుట్టిన ఇద్దరూ పోయారు. అందుకని పుట్టగానే అవ్వ నన్ను పెంటకుప్ప మీద పడుకోబెట్టింది. పక్కింటామె ఎత్తుకుంటే, చేటెడు తవుడు ఇచ్చి తిరిగి కొనుక్కుంది. అలా చేస్తే బిడ్డ దక్కుతుందని నమ్మకం. పాలమూరులో పెంటమ్మలు బోలెడు మంది, నిజమే. కానీ ఎడమ చెవి వెనక, జుట్టు కింద నాకొక నల్ల మచ్చ ఉంది. తల దువ్వేటప్పుడు అమ్మ చెబితే తప్ప నాకే తెలియదు.

మళ్లీ విన్నాను. ఉంది. ఇంకోసారి విన్నాను. ఉంది. చుట్టూ పెద్దమనుషులు పేపర్లు చదువుకుంటున్నారు. లాప్‌టాప్‌లోకి దించుకుని బస్సెక్కాను.

అమ్మకు ఏమీ చెప్పలేదు. పాత పాట, విను అన్నానంతే. పాట మొదలుకాకముందు పాడేవాడు నాలుకతో టక్కుమని ఒక చప్పుడు చేస్తాడు. అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"గాయినె, మీ నాయినె. ఏదన్న ఎత్తేముందట గట్లనే సప్పుడు జేస్తడు. పోయిన పిల్లలను ఎత్తుకపోయేటప్పుడు గూడ గట్లనే జేసిండు," అంది.

తర్వాత ఆ మాట వచ్చింది. అమ్మ చెయ్యి నా ఎడమ చెవి వెనక్కి వెళ్లింది.

ముందే పేరు అనుకున్నారా అని అడిగాను. "ఇద్దరు పోయినంక కడుపుల పిల్ల పేరు ఎవలన్న దీస్తరా?" అంది. కాలం తప్పు రాశారేమో, ఎవరైనా ఆయనకు కబురు చేర్చారేమో అని నేను ఏదేదో వాదించాను. అమ్మ వినలేదు.

"నువ్వు కడుపుల ఉండంగనే నీ మచ్చ ఆయనకెట్ల ఎర్కైతది బిడ్డా? బతికున్నోళ్లకు గివి ఎర్కైతయా? చచ్చినోళ్లకే ఎర్కైతయి. నా మనిషి లేడు."

ఆ మాట అమ్మ నోట వినడం అదే మొదటిసారి.

ఆ పెత్రమాసకు నాయిన పేరు చెప్పి బియ్యం ఇచ్చింది. ఇచ్చి, గోడ వైపు తిరిగి కూర్చుని మట్టెలు తీసేసుకుంది. వేళ్లు వాచి ఉన్నాయి, తొందరగా రాలేదు. సాయం చేద్దామని వంగితే వద్దంది. ఇన్నేళ్లూ ఎదురుచూడటానికి ఆమెకొక మనిషి ఉండేవాడు. ఆ మనిషిని నేనే లేకుండా చేశాననిపించి వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

కొన్నాళ్లకు పాటను థీసిస్‌లో ఎక్కించడానికి మళ్లీ పెట్టాను. నాలుక చప్పుడు ఉంది. మేస్త్రీ బొజ్జ ఉంది, మాడిన రొట్టె ఉంది. నా పేరు లేదు. అది ఉండాల్సిన చోట ఎవరో ఊపిరి పీల్చుకున్న చప్పుడు, ఆ వెంటనే "హైసా". ఆన్‌లైన్‌లోనూ అంతే. ఎక్కించినప్పటి నుంచి అందులో ఏ మార్పూ చేయలేదని భాండాగారం వాళ్లు జవాబిచ్చారు. తోటి లెక్చరర్‌కు వినిపిస్తే ఊపిరి చప్పుడే అంది.

అలసటో, ఆశో నా చెవులను మోసం చేసిందనుకోవచ్చు. మరి అమ్మ చెయ్యి నా చెవి వెనక్కి ఎందుకు వెళ్లింది? వినిపించని మాటను ఆధారంగా చూపలేమని గైడు అన్నారు. నా విద్యార్థులకు నేనూ అదే చెబుతాను. నోట్సులో రాసుకున్న ఆ పంక్తిని నా చేత్తో నేనే కొట్టేశాను.

అప్పుడప్పుడు సాయంత్రం పూట అమ్మ ఆ పాట పెట్టమంటుంది. పక్కన కూర్చుని కళ్లు మూసుకుని వింటుంది. ఆ ఊపిరి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి చాచి నా ఎడమ చెవి వెనక తడుముతుంది. ఆమెకు ఏం వినిపిస్తోందో నేను ఇంతవరకూ అడగలేదు.