పైపులు అతికే మందుతో పదిమంది సిపాయిలు

అరవై ఏడు వేసవిలో మా చీపురుపల్లి ఇంట్లో నూతి బొక్కెనకు అడుగున చిల్లుపడింది. మా అన్న జనపనార మిల్లులో ఫిట్టరు. మిల్లులో పగిలిన పైపులు అతకడానికి వాడే మందు రెండు డబ్బాల్లో అడుగున మిగిలితే తెచ్చి ఇచ్చాడు. ఒకదానిలో తెల్లటి ముద్ద, రెండోదానిలో నల్లటి ముద్ద.

"రెండూ సమంగా తీసి, రంగు ఒకటయ్యేదాకా పిసుకు. గంటసేపు లప్పంలాగుంటాది. తరవాత సుత్తెట్టి కొట్టినా పగల్దు," అని చెప్పి వెళ్లాడు.

బొక్కెన అతికాక కలిపినదాంట్లో నిమ్మకాయంత ముద్ద మిగిలింది. పారేయబుద్ధి కాక అరుగు మీద కూర్చుని నలుపుతూ నలుపుతూ ఒక మనిషిని చేశాను. అంతకుముందు మట్టిబొమ్మ కూడా చేసి ఎరగను. అది మనిషిలా లేదు, కాళ్లు మొలిచిన బంగాళదుంపలా ఉంది.

బావ వచ్చి చూశాడు. బావంటే నా భర్తే. మేనమామ కొడుకు కావడంతో చిన్నప్పటి పిలుపే పెళ్లయ్యాకా మిగిలిపోయింది. పట్టాలంలో చిన్న జట్టుకి పెద్దగా, నాయక్‌గా పనిచేస్తూ, పంజాబు సరిహద్దులో జరిగిన యుద్ధంలో తుంటి మీద దెబ్బ తిని, కుడిచెవి వినికిడి పోగొట్టుకుని ఇంటికొచ్చి అప్పటికి ఏడాది దాటింది. పొలానికి వెళ్లేవాడు, పిలిస్తే పలికేవాడు. తనంతట తాను మాత్రం మాట్లాడేవాడు కాదు. అలాంటివాడు ఆ బొమ్మను అరచేతిలో పెట్టుకుని, "ఈడికో తుపాకీ ఎట్టగలవేటే?" అన్నాడు.

"ఏటికి?"

"ఆడుకోడానికి."

పట్టాలంలో ఆఫీసర్లు యుద్ధానికి ముందు ఇసకతో కాలవలు, గట్లు, ఊళ్లు చేసి, సైన్యాలకు గుర్తులు పెట్టి, ఎవరెటు కదలాలో ఆడి చూసుకుంటారట. బావకు అలాంటిది కావాలి. పెరట్లో ఇటుకల మీద పాత తలుపు పరిచి, చుట్టూ చెక్కబద్దలకు మేకులు కొట్టి, ఊరవతల పారే గెడ్డలోంచి ఇసక మోసుకొచ్చి పోశాడు. తనతో కలిపి తనవాళ్లు పదిమంది కావాలన్నాడు. అవతలివాళ్లకు చింతపిక్కలు చాలన్నాడు.

మందు అన్న మళ్లీ తెచ్చిచ్చాడు. మొదటి వారం చేసినవన్నీ పాడయ్యాయి. మందు వేళ్లను పట్టుకుంటే వదిలేది కాదు. కొబ్బరినూనె రాసుకుంటే వేళ్లకు అంటడం మానేసింది గానీ సిపాయి చెయ్యి సిపాయి ఒంటికీ అంటలేదు, ఆరాక ఊడి చేతిలోకొచ్చింది. నీళ్ల తడి చాలని నాలుగో రోజుకి తెలిసింది. నిలబెట్టినవాళ్లు నేను గంజి వార్చి వచ్చేసరికి మోకాళ్ల మీద కూలబడి ఉండేవారు. లోపల ఎముక ఉండాలని చెప్పింది బావే. సన్నటి ఇనపతీగ మెలేసి కాళ్లూ వెన్నూ చేసి చెక్కముక్కకు గుచ్చి ఇచ్చాడు. నేను దాని మీద మందు ఎక్కించాను. మనిషి రెండు వేళ్ల ఎత్తు, తలకాయకి లోపల ఒక కందిగింజ.

అన్నిటికంటే ఆలస్యంగా నేర్చుకున్నది ఆగడం. కలిపిన వెంటనే ముద్ద మరీ మెత్తగా ఉంటుంది, ముక్కు గిల్లితే మొహమంతా లేచి వచ్చేస్తుంది. కాసేపు వదిలేస్తే కొద్దిగా బిగుస్తుంది. అప్పుడు తుమ్మముల్లుతో కన్ను పెడితే అది కన్నులాగే ఉంటుంది. ఇంకాసేపు పోతే ముల్లు దిగదు. ఆ మధ్యనున్న కాస్త సేపే మనది. ఎండలకు అదీ తగ్గిపోతూంటే తెల్లవారగానే పనికి కూర్చునేదాన్ని. ఒకనాడు కాళ్లు, మర్నాడు ఒళ్లు, ఆ మర్నాడు చేతులు, ఆఖరున మొహం. అంతా ఒకేసారి చేద్దామని ఆత్రపడితే ఇక్కడ నొక్కినప్పుడు అక్కడ చితికేది.

వేళ్ల కొసలు దురదపెట్టి పొట్టు రేగాయి. అయినా వదల్లేదు, ఎందుకంటే నేను బొమ్మ చేస్తున్నంతసేపూ బావ పక్కన కూర్చుని మాట్లాడేవాడు.

"ఈడు పొడుగు. నడుం కాడ బెల్టు ఎప్పుడూ జారిపోతాది. ఈడు ఒట్టి తిండిపోతు, పొట్ట కొంచెం ముందుకెట్టు. ఆ మూలోడికి మీసం ఉన్నాది, పెద్దది, అదే ఆడి పేణం."

అలా తొమ్మిదిమంది అయ్యారు. పదోవాడి దగ్గరికొచ్చేసరికి బావ తుమ్మముల్లు తీసుకుని నేల మీద గీతలు గీశాడు.

"ఈడి ఎడం బుజం కిందికుంటాది," అన్నాడు చివరికి. "సిన్నప్పట్నించీ తెడ్డేసినోడు. కుడి కనుబొమ్మ మద్దిలో తెగిపోయుంటాది."

"ఏ ఊరు?"

"భావనపాడు. సముద్రం ఒడ్డు."

ఆ ఊరివాళ్లు ఎండుచేపలమ్ముతూ వీధిలోకి రాగానే బావ లేచి పెరట్లోకి ఎందుకు వెళ్లిపోతాడో అప్పుడు కొంచెం అర్థమైంది.

ఆటలో శత్రువుని నేనే. వంతుకి జానెడు నడవాలి. కాల్చాలంటే నాలుగు గవ్వలు వేయాలి, మూడు గవ్వలు నోరు పైకి పడితే అవతల మనిషి పడిపోయినట్టు. బావ ఎప్పుడూ ఒకే చోటు చేసేవాడు: చీపురుపుల్లలు గుచ్చిన చెరకుతోట, అవతల కాలవ గట్టు. ఎప్పుడూ ఆ పదోవాడిని తోట మూలన కూర్చోబెట్టి, మిగతావాళ్లను గట్టు మీదికి నడిపించేవాడు. ఎంత తెలివిగా ఆడినా మూలనున్నవాడు చచ్చిపోయేవాడు. నాకే జాలేసి ఒకరోజు పడిన గవ్వను మడమతో తిరగేశాను.

"దొంగాట ఆడకే," అన్నాడు బావ.

"మరి ఆడు నిజంగా ఏటయ్యేడు బావా?"

బావ ఇసకలోకి చూస్తూ చెప్పాడు. "మేం గట్టు ఎక్కీదాకా ఇక్కడుండి కాల్చు, నేను పిలిస్తే రా అన్నాను. గట్టెక్కగానే నాకు దెబ్బ తగిలింది. మెలకువొచ్చీసరికి ఆస్పత్రి. ఆ తోట మూల మీద ఫిరంగి గుండు పడిందని పక్క మంచమోడు సెప్పేడు. నేను పిలుత్తానని ఆడు కూకున్నాడు. నేను పిలవలేదు."

"ఆల్లింటికి ఉత్తరం రాసేవా?"

"ఏటని రాయను? ఆల్లమ్మకి ఏటని సెప్పను?"

నేను ఇంకేమీ అడగలేదు. కానీ ఆ సోమవారం నౌపడలో పాసింజరెక్కి మా ఊళ్లో దిగే భావనపాడు ఎండుచేపల ఆమె వీధిలో కేకేసింది. బావ పొలంలో ఉన్నాడు. ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను.

"అప్పా, మీ ఊరినించి పట్టాలం ఎల్లినోడు ఎవడైనా ఉన్నాడేటి?"

"ఎల్లినోడా, ఎల్లొచ్చినోడా?" అందామె.

లోపలికి పరిగెత్తి పదో బొమ్మ తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. ఆమె చెయ్యి కొంగుకి తుడుచుకుని, బొమ్మను ఎండకేసి పట్టుకుంది.

"ఓలమ్మా! బుజం అచ్చం ఇలాగే ఉంటాది. ఆ సెయ్యి మట్టుకు ఇప్పుడు మోసేతి కాడికే ఉన్నాది. మా యీదిలోనే ఉంటాడు. మొన్న మాఘంలో పెల్లి కూడా అయ్యింది."

అయినా బావకు చెప్పడానికి ధైర్యం చాల్లేదు. ఇంకెవరైనా అయితే? ఆశపెట్టి లాక్కోవడం నా వల్ల కాదు. "చీపురుపల్లి నాయక్ ఇంటినించి అడుగుతన్నారని ఆయనకి సెప్పు అప్పా," అని మాత్రం పంపాను. ఆ వారమంతా కూరలో ఉప్పు వేశానో లేదో నాకే తెలిసేది కాదు.

సోమవారం ఆమె తట్ట దించకుండానే నవ్వింది.

"సెప్పేనమ్మా, సేతిలో వల కింద పడీసేడు. తరవాత 'మా నాయకు బతికే ఉన్నాడా?' అన్నాడు. నామీద కోపంగా ఉన్నాడేటో కనుక్కో అన్నాడు."

కోపం ఎందుకో నాకు అర్థం కాలేదు గానీ ఇక ఆగలేదు. బావ పొలంనించి వచ్చి పెరట్లో ఇసకలో కాలవ తీస్తున్నాడు. విన్నదంతా చెప్పాను.

"ఇంకోసారి సెప్పు," అని ఎడమచెవి ఇటు తిప్పాడు.

మళ్లీ చెప్పాను. మూడోసారి కూడా చెప్పించుకుని, వెనక ఏముందో చూసుకోకుండా ఇసక పోసిన తలుపు అంచు మీద కూలబడ్డాడు. అవతలి కొస లేచింది. ఇసకా, చెరకుతోటా, కాలవా, నా చింతపిక్కలూ అన్నీ జారి అతని ఒళ్లోకి వచ్చిపడ్డాయి. బావ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూనే ఏడ్చాడు. నేను ఇసక దులుపుతూ ఏడ్చాను.

మర్నాడే బయల్దేరాం. బొమ్మలన్నీ గుడ్డలో చుట్టి పట్టుకున్నాను. నౌపడలో దిగి, ఉప్పు మళ్ల పక్కనుంచి బండి మీద భావనపాడు చేరేసరికి ఎండ మాడ్చేస్తోంది. అతను పాక నీడన కూర్చుని, వలను కాలి వేళ్లతో లాగిపట్టి, ఒంటి చేత్తో కుడుతున్నాడు. బావను చూసి గబాల్న లేచి, అటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ కొట్టాడు. కుడి కనుబొమ్మ మధ్యలో తెగి ఉంది.

"కూకో రా," అన్నాడు బావ.

అతను కూర్చోలేదు. "నువ్వు పిలిచీదాకా ఉండమన్నావు నాయకా. నేనుండలేదు. తోటకి నిప్పంటుకుంది. భయమేసి పారొచ్చీసేను. ఆ పరుగులోనే సెయ్యి పోయింది. వొదిలీసి పారొచ్చేనని నువ్వు బతికుంటే పై ఆఫీసర్లకి రాసుంటావనుకున్నాను. జైల్లో ఎడతారని మాయమ్మ ఏడిసింది. అందుకే నీకు ఉత్తరం రాయలేదు."

"ఉండుంటే?"

"ఉండుంటే బూడిదే."

బావ అతని మంచి చెయ్యి పట్టుకున్నాడు. "నేను పిలవలేదు రా. పిలవలేకపోయేను. పిలవకుండానే వచ్చేవు సూడు, బతుకులో అంత మంచి పని ఇంకోటి సేసుండవు."

కొత్త పెళ్లికూతురు గుమ్మంలోంచి నన్ను లోపలికి పిలిచింది. తరవాత మూట విప్పి బొమ్మలు వరసగా పెట్టాను. అతను ఒక్కొక్కరినీ గుర్తుపట్టి పలకరించి, తనదాన్ని చూసి మాత్రం మొహం చిట్లించాడు.

"నా ముక్కు ఇంత లావేటి?"

"ఇంకా లావే," అంది భార్య.

ఆ బొమ్మను వాళ్లకే వదిలి, చేపలకూరతో భోంచేసి సాయంత్రం రైలుకి తిరిగి బయల్దేరాం. పొందూరు దాటేసరికి బావ కిటికీకి తల ఆన్చి నోరు తెరిచి నిద్రపోయాడు. అతను అలా నిద్రపోవడం చూసి రెండేళ్లయింది. మా స్టేషన్ వచ్చింది, జనం దిగారు, ఎక్కారు. లేపుదామని చెయ్యి చాచి వెనక్కి తీసుకున్నాను. రైలు కదిలింది.

తరవాతి స్టేషన్ గరివిడిలో దిగాక మా ఊరివైపు వచ్చే ఎడ్లబండి ఒకటి దొరికింది. వెన్నెల కాస్తోంది. "ఎందుకు లేపలేదే? బుద్దుందా నీకు?" అని బావ దారి పొడుగునా నన్ను తిడుతూనే ఉన్నాడు. అన్ని మాటలు అతని నోట విని చాలా రోజులైంది. తిట్టనిచ్చాను.